ఇద్దరికి ఎంత బండి చాలు?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఒక కొత్త దశ మొదలైంది. 1990లలో, 2000 తొలినాళ్లలో ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఇప్పుడు యాభైలు దాటుతున్నారు. పిల్లలు కాలేజీలకో ఉద్యోగాలకో వెళ్లిపోయారు. పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలారు. కొందరికి ఎక్కడినుంచైనా పని చేసుకునే వీలుంది. కొందరు ముందుగానే రిటైరవుతున్నారు. ఇన్నేళ్లూ వారం సెలవుల్లో హడావుడిగా చుట్టొచ్చిన దేశాన్ని నెలల తరబడి తీరిగ్గా చూడాలని వాళ్ల కోరిక. అలాంటివాళ్ల ఆలోచనల్లోకి వస్తున్నది మోటార్‌హోమ్ (పడక, వంటగది, మరుగుదొడ్డి ఉండి సొంత ఇంజిన్‌తో నడిచే ఇంటి బండి). కారు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రెయిలర్లతో కలిపి వీటన్నిటినీ అక్కడ ఆర్‌వీలు అంటారు. ఈ వ్యాసం సొంత ఇంజిన్ ఉన్నవాటి గురించే.

అమ్మే చోటికి వెళ్లగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న పరిమాణం. నెలల ప్రయాణం కాబట్టి పెద్దదే మేలని చాలామందికి అనిపిస్తుంది. దారిలోకి దిగాక లెక్క మారుతుంది. ఇద్దరి రోజువారీ పనులు ఇబ్బంది లేకుండా సాగే అతి చిన్న బండి ఏదో కనిపెట్టి, అక్కడ ఆగడం మంచి పద్ధతి. దానికి కారణాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మూడు రకాలు

మోటార్‌హోమ్‌లను క్లాస్ ఏ, బీ, సీ అని మూడు రకాలుగా విడదీస్తారు. అక్షరాల వరసకూ పరిమాణానికీ సంబంధం లేదు. అన్నిటికంటే పెద్దది ఏ, చిన్నది బీ, మధ్యది సీ.

క్లాస్ ఏ బస్సు ఆకారంలో ఉంటుంది. పొడవు సుమారు 26 నుంచి 45 అడుగులు. క్లాస్ బీ అంటే మామూలు వ్యాన్. దాని ఇనుప గోడల లోపలే ఇల్లు అమరుస్తారు. పొడవు 18 నుంచి 24 అడుగులు. క్లాస్ సీలో వ్యాన్ ముందు భాగాన్ని అలాగే ఉంచి, వెనక ఛాసిస్ (ఇంజిన్, చక్రాలను మోసే అడుగు చట్రం) మీద వేరే గది కడతారు. డ్రైవర్ తల మీదుగా ముందుకు పొడుచుకొచ్చే భాగంలో చాలా వాటికి ఒక పడక ఉంటుంది. పొడవు 20 నుంచి 33 అడుగులు.

చిన్న బండ్లన్నీ దాదాపు మూడు వ్యాన్ల మీదే తయారవుతాయి: మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్, రామ్ ప్రోమాస్టర్. స్ప్రింటర్ మీద కట్టే మోటార్‌హోమ్‌లు ఎక్కువగా డీజిల్‌వి. ఇంజిన్ సాఫీగా లాగుతుంది. అయితే సర్వీసు చేయగల డీలర్లు పెద్ద ఊళ్ల దగ్గరే ఎక్కువ. ట్రాన్సిట్ పెట్రోల్ బండి, 2020 మోడల్ నుంచి నాలుగు చక్రాలూ లాగే రకం కూడా దొరుకుతుంది. ప్రోమాస్టర్ ముందు చక్రాలతో నడుస్తుంది. వెనక ఇరుసుకు శక్తిని అందించే కడ్డీ ఉండదు కాబట్టి నేల కిందికి ఉంటుంది, ఎక్కడం దిగడం సులువు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

పొడవు దారిని నిర్ణయిస్తుంది

నెలల ప్రయాణానికి బయల్దేరేవాళ్లు ఎక్కువగా వెళ్లాలనుకునేది జాతీయ ఉద్యానవనాలకు. అక్కడి రోడ్లు చాలావరకు పెద్ద బండ్లు రాకముందు వేసినవి. మాంటానాలోని గ్లేషియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు కొండ అంచున సాగుతుంది. దాని మధ్య భాగంలో 21 అడుగుల పొడవు లేదా 8 అడుగుల వెడల్పు దాటిన బండ్లను అనుమతించరు. బంపర్లు, పక్క అద్దాలు కూడా ఈ కొలతలోకి వస్తాయి. యూటాలోని జయాన్ పార్కులో 1930లో పూర్తయిన సొరంగం ఉంది. పొడవు 1.1 మైళ్లు. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు మించిన బండ్లకు అక్కడ ప్రత్యేక ఆంక్షలున్నాయి. క్లాస్ ఏ బండ్లు చాలావరకు ఈ ఎత్తు దాటుతాయి. వ్యాన్లు దాటవు. కాలిఫోర్నియాలోని సెక్వోయా పార్కులో మలుపుల కొండదారి ఒకటుంది. 22 అడుగులు మించిన బండ్లతో ఆ దారిలో రావద్దని పార్కువాళ్లే సూచిస్తారు.

క్యాంప్‌గ్రౌండ్లదీ (రాత్రి బస చేసే స్థలాలు) ఇదే తీరు. ప్రతి స్థలానికీ ఎంత పొడవు బండి పడుతుందో రాసి ఉంటుంది. చాలా జాతీయ ఉద్యానవనాల్లో ఈ స్థలాలు ఆరు నెలల ముందు నుంచే బుకింగ్‌కు తెరుచుకుంటాయి, త్వరగా నిండిపోతాయి. బండి చిన్నదైతే పట్టే స్థలాలు ఎక్కువ. ఎవరో రద్దు చేసుకున్న చోటు దొరికే అవకాశమూ ఎక్కువే.

అందువల్ల 21 అడుగులు ఒక ముఖ్యమైన గీత. 25 అడుగులు ఇంకో గీత. 21 లోపు ఉంటే దాదాపు కారు వెళ్లే చోటికల్లా వెళ్లవచ్చు. 25 లోపు ఉంటే కొన్ని కొండదారులు వదులుకున్నా, ఎక్కువ క్యాంప్‌గ్రౌండ్లలో చోటు దొరుకుతుంది. ఆ పైన ప్రతి అడుగుకీ ముందస్తు ఏర్పాటు పెరుగుతుంది. వదులుకున్న దారులను చూడాలంటే పార్కు బస్సులున్న చోట వాటిని ఎక్కవచ్చు.

ఇద్దరూ నడపగలగాలి

చాలా ఇళ్లలో దూరప్రయాణాల్లో ఒకరే బండి నడుపుతారు. నెలల ప్రయాణంలో ఆ అలవాటు ప్రమాదకరం. నడిపేవారికి జ్వరం వచ్చినా, నడుం పట్టేసినా, ఊరికి దూరంగా ఉన్నప్పుడు రెండోవారే బండి తీయాలి. 35 అడుగుల బండిని చూసి వెనక్కి తగ్గేవాళ్లు 21 అడుగుల వ్యాన్‌ను ఒక పూట సాధనతో నడిపేస్తారు. చిన్న బండివైపు మొగ్గడానికి ఇదే అతి బలమైన కారణం. అలాంటి వ్యాన్‌కు మామూలు కారు లైసెన్సు సరిపోతుంది.

బరువు: ఎవరూ చదవని లేబుల్

చిన్న బండిలో ముందు నిండేది చోటు అనుకుంటాం. నిజానికి చాలాసార్లు ముందు నిండేది బరువు. ప్రతి బండికీ జీవీడబ్ల్యూఆర్ (బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి మించకూడని మొత్తం బరువు) ఉంటుంది. ప్రోమాస్టర్ 3500కు ఇది 9,350 పౌండ్లు. స్ప్రింటర్ 3500కు 11,030 పౌండ్లు. ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మనం మోయించగలిగే బరువు. ఆ అంకెను తలుపు లోపలివైపు లేబుల్ మీద ముద్రించాలని అమెరికా చట్టం చెబుతుంది. ఇందులో మనుషుల బరువు, తాగునీటి తొట్టిలో నీళ్ల బరువు కూడా కలిసే ఉంటాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. లేబుల్ మీద 1,200 పౌండ్లు అని ఉందనుకోండి. ఇద్దరూ కలిసి 320 పౌండ్లు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు కాబట్టి 25 గ్యాలన్ల తొట్టి నిండితే సుమారు 208. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు 120. మిగిలింది 552 పౌండ్లు, అంటే 250 కిలోలు. బట్టలు, పరుపు, గిన్నెలు, బియ్యం, పప్పులు, పనిముట్లు, కుర్చీలు, ల్యాప్‌టాప్‌లు అన్నీ అందులోనే ఇమడాలి. నెలల ప్రయాణానికి సరిపోతుంది, కానీ మిగులు పెద్దగా ఉండదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఒకే ఛాసిస్ మీద పెద్ద గది కట్టి, హంగులన్నీ అమర్చిన 25 అడుగుల బండి కంటే, హంగులు తక్కువున్న చిన్న వ్యాన్ ఎక్కువ సామాను మోయగలగవచ్చు. మొత్తం బరువు హద్దు రెండింటికీ ఒకటే. గది బరువు పెరిగితే సామాను వాటా తగ్గుతుంది. హద్దు మించితే టైర్లు వేడెక్కుతాయి, బ్రేకులు ఆలస్యంగా పట్టుకుంటాయి. సామాను సర్దాక ఒకసారి ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద బండిని తూచుకోవడం మంచిది.

నీళ్లు: ఆగగలిగే రోజుల లెక్క

బండిలో మూడు తొట్లు ఉంటాయి. ఫ్రెష్ ట్యాంక్‌లో మంచినీళ్లు. గ్రే ట్యాంక్‌లో వంట, స్నానం వాడకం నీళ్లు. బ్లాక్ ట్యాంక్‌లో మరుగుదొడ్డివి. క్లాస్ బీలో ఫ్రెష్ ట్యాంక్ 20, 25 గ్యాలన్ల దగ్గర ఉంటుంది. క్లాస్ సీలో 30 నుంచి 50 దాకా.

పొదుపుగా వాడితే ఇద్దరికి రోజుకు ఐదారు గ్యాలన్లు చాలు. ఆ లెక్కన వ్యాన్‌లో నాలుగు రోజులు ఆగవచ్చు. తెలుగు వంటలో బియ్యం కడగడం, పప్పు కడగడం, నూనె గిన్నెలు తోమడం ఉంటాయి కాబట్టి గ్రే ట్యాంక్ త్వరగా నిండుతుంది. బండి ఎంపికలో ఫ్రెష్ ట్యాంక్ ఎంతో అడిగేవాళ్లు గ్రే ట్యాంక్ ఎంతో అడగరు. ప్రయాణాన్ని ముందు ఆపేది చాలాసార్లు అదే.

కొన్ని వ్యాన్లలో బ్లాక్ ట్యాంక్ బదులు క్యాసెట్ టాయిలెట్ (బయటికి లాగి చేత్తో తీసుకెళ్లే చిన్న పెట్టె) ఉంటుంది. సుమారు ఐదు గ్యాలన్లు పడుతుంది. రెండు మూడు రోజులకోసారి ఖాళీ చేయాలి. నిండినప్పుడు 40 పౌండ్ల బరువు. ఆ పని ఇద్దరిలో ఎవరు చేస్తారో కొనకముందే మాట్లాడుకోవాలి.

కరెంటు, పొయ్యి

క్యాంప్‌గ్రౌండ్‌లో తీగ తగిలించుకుంటే కరెంటు వస్తుంది. చిన్న బండ్లకు ఇది 30 ఆంపియర్లది, అంటే 3,600 వాట్లు. ఏసీకి 1,400, మైక్రోవేవ్‌కు 1,500, ఇండక్షన్ పొయ్యికి 1,500 వాట్లు కావాలి. మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. రెండు వేస్తే నడుస్తాయి.

తీగ లేని చోట బ్యాటరీ మీద ఆధారపడాలి. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో దాదాపు ఒకటింపావు యూనిట్ కరెంటు ఉంటుంది. అదే కొలత పాత సీసపు బ్యాటరీని సగం దాకానే వాడాలి, లేకపోతే త్వరగా చెడిపోతుంది. పైకప్పు మీద 200 వాట్ల సోలార్ పలక మంచి ఎండ రోజున ఒక యూనిట్‌కు కాస్త తక్కువే ఇస్తుంది. 1,500 వాట్ల ఇండక్షన్ పొయ్యి 40 నిమిషాలు వెలిగితే ఒక యూనిట్ అయిపోతుంది. రోజంతా కాసిన ఎండ ఒక పూట అన్నం, పప్పు, కూరకే సరిపోతుందన్నమాట. బ్యాటరీతో ఏసీ వేస్తే గంటలో ఖాళీ.

అందుకే రోజూ వండుకునేవాళ్లకు ప్రొపేన్ గ్యాస్ పొయ్యి ఉన్న బండి మేలు. గ్యాస్ మండితే లోపల తేమ, కార్బన్ మోనాక్సైడ్ చేరే ప్రమాదం ఉంటుంది. వండేటప్పుడు పైకప్పు ఫ్యాన్ వేసి, ఒక కిటికీ తీయాలి. వాయువును పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. తాలింపు వాసన పరుపుకు పట్టకుండా ఉండాలన్నా ఆ ఫ్యానే దిక్కు. గ్యాస్ ఉన్న బండ్లను కొన్ని సొరంగాల్లోకి రానివ్వరు. బాల్టిమోర్ నగరంలోని హార్బర్ టన్నెల్, ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్ అలాంటివి. తూర్పు తీరంలో తిరిగేవాళ్లు దారి ముందే చూసుకోవాలి.

పడక, స్నానం

యాభై దాటాక రాత్రి ఒకటి రెండుసార్లు లేవడం మామూలే. పడక అడ్డంగా ఉండి ఒకవైపు గోడకు ఆనుకుంటే, లోపలివైపు పడుకున్నవారు రెండోవారి మీదుగా దాటాలి. ఒకటి రెండు రాత్రులు ఫరవాలేదు. నెలల తరబడి ఇద్దరి నిద్రా చెడుతుంది. నిలువుగా రెండు పక్కల రెండు విడి పడకలు, మధ్యలో నడిచే దారి ఉన్న అమరిక వయసు పైబడిన దంపతులకు నప్పుతుంది.

మర్ఫీ బెడ్ (పగలు గోడలోకి మడిచేసే మంచం) చోటు మిగులుస్తుంది. కానీ ఒకరికి జలుబు చేసి పగలు పడుకోవాలంటే రెండోవారికి కూర్చునే చోటు పోతుంది. ఒకరు ఆఫీసు ఫోన్‌లో మాట్లాడుతుంటే రెండోవారు ఎక్కడ ఉండాలన్నదీ ఆలోచించాలి.

స్నానం విషయంలో చాలా వ్యాన్లలో ఉండేది వెట్ బాత్ (స్నానం, మరుగుదొడ్డి రెండూ ఒకే అరలో). స్నానం చేసిన ప్రతిసారీ ఆ అర తుడవాలి. విడిగా స్నానపు గది కావాలంటే ఎక్కువగా 24, 25 అడుగుల క్లాస్ సీకి వెళ్లాలి. రోజూ రెండు పూటలా స్నానం చేసే అలవాటున్నవాళ్లు ఇక్కడ నిజాయితీగా తేల్చుకోవాలి.

గోడ బయటికి జరిగే స్లైడ్ అవుట్ ఉంటే లోపల వెడల్పు పెరుగుతుంది. దానితో బరువు పెరుగుతుంది, మోటారు మరమ్మతులు తోడవుతాయి. హైవే పక్కన కాసేపు ఆగినప్పుడు స్లైడ్ మూసే ఉంటుంది. మూసి ఉన్నప్పుడు కూడా మంచం, ఫ్రిజ్, మరుగుదొడ్డి అందుతాయో లేదో కొనేముందు చూడాలి.

అతిథుల లెక్క

పిల్లలు సెలవులకు వస్తారు, భారత్ నుంచి తల్లిదండ్రులు వస్తారు అన్న ఆలోచనతో చాలామంది పెద్దది కొంటారు. వాళ్లు ఏడాదిలో ఉండేది కొన్ని రోజులు. బండిని రోజూ నడిపేది, కడిగేది, దానికి ఇంధనం పోసేది ఇద్దరే. అతిథులు వచ్చినప్పుడు దగ్గర్లో ఒక హోటల్ గది తీసుకుంటే చవక. బెల్టు ఉన్న సీట్లు ఎన్నో మాత్రం చూడాలి. కొన్ని వ్యాన్లలో రెండే ఉంటాయి.

డబ్బు లెక్క

చిన్నది కాబట్టి చవక అనుకోకూడదు. కొత్త క్లాస్ బీ లక్ష డాలర్లకు పైనే ఉంటుంది. స్ప్రింటర్ మీద కట్టిన కొన్ని రెండు లక్షలు దాటుతాయి. ఆ ధర కంటే తక్కువకే సాధారణ క్లాస్ సీ దొరకవచ్చు.

చిన్నది డబ్బు మిగిల్చేది దారిలో. గ్యాలన్‌కు 16 మైళ్లు ఇచ్చే వ్యాన్ 10,000 మైళ్లకు 625 గ్యాలన్లు తాగుతుంది. 8 మైళ్లిచ్చే పెద్ద బండికి 1,250 గ్యాలన్లు కావాలి. పెద్ద బండివాళ్లు ఊళ్లో తిరగడానికి వెనక ఒక కారును కూడా లాక్కెళ్తుంటారు. వ్యాన్‌వాళ్లకు అదే కారు, అదే ఇల్లు. అందులో ఒక ఇబ్బందీ ఉంది. కూరగాయలకు వెళ్లాలన్నా ఇల్లంతా సర్ది, తీగలు ఊడదీసి బయల్దేరాలి. రోజూ ఊరు మారేవాళ్లకు ఇది సమస్య కాదు. ఒకేచోట నెల ఉండేవాళ్లకు విసుగే.

పాతది కొనడానికి ఇది అనువైన కాలం. 2021లో అమెరికాలో అన్ని రకాల ఆర్‌వీలు కలిపి ఆరు లక్షలకు పైగా తయారై డీలర్లకు చేరాయి. కోవిడ్ కాలపు ఉత్సాహం తగ్గాక 2023లో ఆ సంఖ్య దాదాపు సగానికి పడింది. అప్పట్లో కొన్నవాటిలో కొన్ని పెద్దగా తిరగకుండానే మళ్లీ అమ్మకానికి వస్తున్నాయి. పాతవాటిలో ముందు చూడాల్సింది నీటి చెమ్మ. క్లాస్ సీలో డ్రైవర్ తల మీది భాగం గదితో కలిసే అతుకు దగ్గర నీళ్లు కారడం మామూలు. అక్కడ గోడ మెత్తగా ఉంటే వదిలేయాలి. వ్యాన్ పైకప్పు ఇనుప రేకు కాబట్టి అతుకులు తక్కువ. టైరు గాళ్లు బాగున్నా వయసు చూడాలి. దాని మీద డీఓటీ అక్షరాలున్న వరసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి.

బయల్దేరే ముందు కాగితాలు

ఆరోగ్య బీమా మొదటిది. 65 నిండనివాళ్లు సొంతంగా కొనుక్కునే చాలా ప్లాన్లు తమ ప్రాంతం దాటితే అత్యవసర వైద్యానికే వర్తిస్తాయి. 65 దాటాక అసలు మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) దేశమంతా పనిచేస్తుంది. ప్రైవేటు కంపెనీల మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లకు మాత్రం సొంత ఆసుపత్రుల జాబితాలుంటాయి.

ఇల్లు అమ్మేసి బండిలోనే ఉండాలనుకుంటే మామూలు బండి బీమా చాలదు, నివాసానికి కూడా వర్తించేది తీసుకోవాలి. పౌరసత్వం లేనివాళ్లు చిరునామా మారితే పది రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకు తెలపాలి. అలాస్కాకు రోడ్డు మార్గం కెనడా గుండానే ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు భారత పాస్‌పోర్టుతో పాటు ఆ కార్డు చూపితే కెనడా వీసా అక్కర్లేదు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి.

62 నిండిన పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు జాతీయ ఉద్యానవనాల్లో జీవితకాల సీనియర్ పాస్ 80 డాలర్లకు దొరుకుతుంది. కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో రుసుము సగమే పడుతుంది. సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రులకు ఇది వర్తించదు.

ఏది తీసుకోవాలి?

రెండు మూడు రోజులకోసారి చోటు మారుతూ, కొండదారుల్లో తిరుగుతూ, వంట తేలిగ్గా కానిచ్చే దంపతులకు 21 అడుగుల క్లాస్ బీ సరిపోతుంది. ఒక్కోచోట వారం పైగా ఆగుతూ, లోపలే ఉద్యోగం చేస్తూ, మూడు పూటలా వండుకునేవాళ్లు 24, 25 అడుగుల క్లాస్ సీ చూడాలి. ఇద్దరికి అంతకు మించి అవసరం పడేది అరుదు.

కొనే ముందు అదే కొలత బండిని అద్దెకు తీసుకోండి. క్రూజ్ అమెరికా లాంటి సంస్థలు 19, 25, 30 అడుగుల క్లాస్ సీలు అద్దెకిస్తాయి. వ్యాన్లు సొంతదారుల దగ్గర దొరుకుతాయి. ఒక వారం ఇద్దరూ వంతులవారీగా నడపండి. రోజూ వండుకునేదే అందులో వండండి. వాన రోజున బయటికి వెళ్లకుండా లోపలే గడపండి. తొట్లు ఇద్దరూ ఖాళీ చేయండి. ఆ వారంలో ఇబ్బంది పెట్టిన ప్రతి విషయాన్నీ రాసుకుని, ఆ జాబితాతో, లేబుల్ మీది బరువు అంకెతో డీలర్ దగ్గరికి వెళ్లండి. అక్కడి మెరుపుల కంటే ఆ రెండింటినే నమ్మండి.